కొట్టంలోంచి హాల్లోకి

తిరుపతిలో మేముండే అపార్ట్‌మెంట్ లిఫ్టులోకి రెండేళ్ళ కిందట ఒక ఆవుదూడ ఎక్కింది. గృహప్రవేశాలకి ఆవుని మేడ ఎక్కించడం ఈ ఊళ్ళో మామూలే. పూజ కాగానే కిందికి దింపేస్తారు, లిఫ్టులో పేడ కడిగించే పని ఇంటాయన మీద పడుతుంది, అంతటితో సరి. ఈ దూడ మాత్రం దిగలేదు. మోకాలెత్తున ఉంది. మెడకి ఎర్రటి పట్టీ, కాళ్ళకి గజ్జెలు, పట్టుకోవడానికి కుక్కలకి కట్టే నైలాను తాడు. మూడో అంతస్తులో కొత్తగా దిగిన సాఫ్ట్‌వేర్ జంట పుంగనూరు జాతి అని కొనుక్కొచ్చుకున్నారు. హాల్లో టీవీకి ఎదురుగా దానికొక పరుపు. మా వాచ్‌మన్‌ది చౌడేపల్లె పక్కన పల్లె. లిఫ్టు తలుపు మూసుకున్నాక నా వైపు తిరిగి, "మా నాయన కొట్టంలో ఇట్లాటివి ఏడుండె సార్. ఒక్కటీ లిఫ్టు ఎక్కలా" అన్నాడు.

ఆ కొట్టానికీ ఈ లిఫ్టుకీ మధ్య జరిగిందంతా తలుచుకుంటే చిత్తూరు జిల్లా చరిత్ర సగం గుర్తొస్తుంది.

మా వైపు 'పెంపుడు జంతువు' అనే మాట పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నదే గానీ ఇళ్ళల్లో విన్నది కాదు. ఆవులు, ఎద్దులు, ఎనుములు కలిపి గొడ్లు. గొర్రెలు, మేకలు జీవాలు. కుక్క కుక్కే, పిల్లి పిల్లే. వీటన్నిటికీ మనిషి చేసే చాకిరీకి మాత్రం ఒకటే మాట: సాకడం. బిడ్డల్నీ సాకుతారు, దూడనీ సాకుతారు, పిల్లల్లేనివాళ్ళు తెచ్చుకున్న పిల్లవాడు సాకుడు కొడుకు. ఆకలి చూడటం, రోగమొస్తే పక్కన కూర్చోవడం, కరువొస్తే కళ్ళు తుడుచుకుంటూ సంతకి తోలుకుపోయి అమ్మడం, ఇవన్నీ ఆ మాటలో ఉన్నాయి. ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం లేదు. అందుకే 'పెట్' అనే మాట మనకి అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది. మన దగ్గర లేని సరుకు మరి.

పుంగనూరు, మదనపల్లె, పలమనేరు చుట్టుపక్కల చెరువుగట్ల మీదా పొలాల మధ్యా వీరగల్లులు కనిపిస్తాయి. బాణులు, వైదుంబులు, నొళంబులు వంతులేసుకుని కొట్టుకున్న నేల ఇది. ఆ రాళ్ళమీద కత్తి పట్టుకుని నిలబడ్డవాళ్ళందరూ రాజ్యాల కోసం చచ్చినవాళ్ళు కారు. ఊరి గొడ్లని శత్రువులు తోలుకుపోతుంటే అడ్డం పడి చచ్చినవాళ్ళకీ వాటిలో వాటా ఉంది. అప్పట్లో గొడ్డే ఆస్తి. సొమ్ములంటే పశువులు అనే అర్థం తెలుగుదేశంలో కొన్ని చోట్ల ఇప్పటికీ బతికుంది.

కుక్కలకీ రాళ్ళు నిలబెట్టారు. నగరి నుంచి దక్షిణంగా పోతే, ఇప్పుడు తమిళనాడు రాణిపేట జిల్లాలో ఉన్న తక్కోలం దగ్గర 949లో రాష్ట్రకూటులకీ చోళులకీ పెద్ద యుద్ధం జరిగింది. చోళ యువరాజు రాజాదిత్యుడు ఏనుగు మీదే కూలిపోయాడు. గెలిచిన పక్షాన ఉన్న గంగరాజు బూతుగుడు తన బంటు మణలేరుణ్ణి ఏం కావాలో కోరుకోమన్నాడట. ఊళ్ళూ మాన్యాలూ అడగాల్సినవాడు, రాజుగారి వేటకుక్క కాళి కావాలన్నాడు. ఆ కాళి తర్వాత ఒక అడవిపందితో తలపడింది. పందీ చచ్చింది, కుక్కా చచ్చింది. దాని పేరున కర్ణాటకలోని ఆతకూరులో శాసనం వేసి, పూజకి భూమి రాసిచ్చారు. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. ఇంకా వెనక్కి పోతే 7వ శతాబ్దంలో, పల్లవ మహేంద్రవర్మ కాలంలో, తిరువణ్ణామలై వైపు ఎడుత్తనూరు రాతిలో కోవివన్ అనే కుక్క ఉంది. యజమాని పడిపోయాక దొంగల్ని కరిచి అక్కడే కాపలా నిలబడినందుకు దాని బొమ్మ కూడా ఆయన పక్కనే చెక్కారు. కుక్కకి పేరు పెట్టి, ఆ పేరుని రాతికెక్కించేంత మమకారం ఈ చుట్టుపక్కల దాదాపు పద్నాలుగు వందల ఏళ్ళ కిందటే ఉందన్నమాట. పనిచేసిన కుక్కకే ఆ గౌరవం అన్నది కూడా మరవకూడదు.

మా పక్క దేవుళ్ళ కథలు కూడా జంతువులు లేకుండా మొదలుకావు. శ్రీకాళహస్తి పేరులోనే సాలెపురుగు, పాము, ఏనుగు ఉన్నాయి. అక్కడి తిన్నడు వేటకుక్కల్ని వెంటేసుకుని అడవిలో తిరిగిన బోయ. తిరుమల స్థలపురాణంలో పుట్టమీద పాలు కార్చింది ఒక ఆవు, దాన్ని కొట్టబోయినవాడు ఒక గొల్ల. ఈనాటికీ తెల్లవారుజామున సుప్రభాతం వేళ గుడి తలుపు తీసేటప్పుడు సన్నిధి గొల్ల ఉండాల్సిందే. కోట్ల ఆస్తి ఉన్న దేవుడికి పొద్దున్నే మొదట ముఖం చూపించేది పశువులు కాసుకునే కులంవాడు. అన్నమయ్య ఏనుగునీ కుక్కనీ ఒకే ఎండ కింద నిలబెట్టింది కూడా ఈ కొండ కిందే కదా.

గొల్లలంటే కాటమరాజు కథ చెప్పకుండా ముందుకు పోలేను. కరువుకి గొడ్లని తోలుకుని నెల్లూరు సీమకి పోయిన కాటమరాజుకీ, అక్కడి సిద్ధిరాజుకీ పుల్లరి దగ్గర తగాదా వచ్చింది. ఆ తగాదా ముదరడానికి ఒక చిలుక కారణమని కథ పాడేవాళ్ళు చెప్తారు. రాజు ఉంపుడుగత్తె కుందమాదేవి ముచ్చటగా పెంచుకున్న చిలుక గొల్లల బాణానికి చచ్చింది. ఒకరు సొమ్ముగా సాకిన గొడ్లు, ఇంకొకరు ముద్దుకి పెంచుకున్న చిలుక, మధ్యలో వేలమంది చావు. పెంపుడు పక్షి కోసం జరిగిన యుద్ధం తెలుగు కథల్లో ఇంకొకటి నాకు గుర్తులేదు. ముద్దుకి పెంచుకోవడం అప్పటికి అంతఃపురాలకి సంబంధించిన వ్యవహారం అన్నది మాత్రం ఆ కథలో తేటగా కనిపిస్తుంది.

ఆ కాటమరాజుకే మా పల్లెల్లో కనుమనాడు పూజ. కనుమకి ముందే అడవికి పోయి మద్ది చెక్క, నేరేడు చెక్క, మోదుగ పూలు, నల్లేరు తెచ్చి ఎండబెట్టి, ఉప్పేసి రోట్లో దంచుతారు. దాన్నే ఉప్పు చెక్క అంటారు. చేదు విషం. ఏ గొడ్డూ దాన్ని తనంతట తాను తినదు. ఇద్దరు కొమ్ములు పట్టుకుంటే ఒకరు నోరు తెరిచి గుప్పెడు కుక్కి, మింగేదాకా మూతి ఎత్తి పట్టుకోవాలి. మా తాత ఆ పని చేస్తుంటే చూశాను. ఎద్దు చొంగ మోచేతిదాకా కారేది, చేతులు రెండు రోజులు కంపు కొట్టేవి, ఎద్దు మాత్రం ఆయన్ని చూస్తే వారం దాకా తల తిప్పుకునేది. ఏడాదికొక్కసారి కడుపులో పురుగులకి ఇచ్చే మందు అది. సాయంత్రానికి అదే ఎద్దుకి కొమ్ములకి రంగు, మెడలో గంటలు. ఊరి బయట కాటమరాజు రాయి దగ్గర పొంగలి పెట్టి, పొలి చల్లి, చిట్లాకుప్ప అంటించి, ఆ మంట వెలుగులో గొడ్లన్నిటినీ బెదరగొట్టి ఇళ్ళకి తోలేవాళ్ళు. చంద్రగిరి దగ్గర ఎ.రంగంపేటలో కొమ్ములకి చెక్క పలకలు కట్టి పశువుల్ని వదిలే పరుష ఇప్పటికీ జరుగుతుంది. వైద్యం, పూజ, ఆట, మొరటుతనం, అన్నీ ఒకే రోజులో. సాకడమంటే ఇంతే ఉండేది.

ఈ లెక్కలో కుక్క స్థానం వాకిలి అవతల. రాత్రి సంగటి గిన్నె కడిగే ముందు ఒక ముద్ద తీసి వీధిలోకి విసిరితే, అది తిన్న కుక్క ఆ వీధికంతా కాపలా. దానికి ఓనరంటూ ఉండడు. గొడ్ల పేర్లు వాటి రంగుని బట్టి వచ్చేవి: కర్రావు, పుల్లావు, బొల్లెద్దు. కుక్కకి పేరు పెట్టాలనిపించిన రోజున మాత్రం మనవాళ్ళు ఇంగ్లీషువాడి దగ్గరికి పోయారు. చిత్తూరు 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాకి ముఖ్యపట్టణం. కలెక్టరు, జడ్జి, వాళ్ళ బంగళాలు, ఆ బంగళాల్లో సోఫాల మీద కుక్కలు. దొరలు పోయారు గానీ టామీ, టైగర్, సీజర్, జిమ్మీ మాత్రం మన వీధుల్లో ఉండిపోయాయి. రాయలసీమ పల్లెలో కుక్కని తెలుగు పేరుతో పిలిచినవాణ్ణి నేను చాలా తక్కువ చూశాను. ఇప్పుడు బ్రూనో, లక్కీ, ఛార్లీ.

కుక్క అనగానే మా తరానికి గుర్తొచ్చే ఇంకొక సంగతి బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు. కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ 1907లో వచ్చింది. గొర్రె మెదడులోంచి తయారుచేసిన టీకాని దశాబ్దాల తరబడి ఈ దేశంలో కుక్క కరిచినవాళ్ళకి వేశారు. పద్నాలుగు రోజులు వరసగా ఆస్పత్రికి నడవాలి. మధ్యలో మానేసినవాళ్ళు ఎంతమందో, తాయెత్తుతోనే సరిపెట్టుకున్నవాళ్ళు ఎంతమందో. 2004 చివరికి ఆ రకం టీకా దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు చేతికి నాలుగైదు సూదులతో పోతుంది. ఇళ్ళల్లోకి కుక్క రావడానికి సినిమాలూ అడ్వర్టైజ్‌మెంట్లూ కారణమంటారు గానీ, ఆ భయం తగ్గకపోతే ఏ అడ్వర్టైజ్‌మెంటూ దాన్ని గడప దాటించలేకపోయేదని నా నమ్మకం.

ఆంధ్ర రాష్ట్రం 1953లో విడిపోయినప్పుడు మద్రాసుతో పాటు వేపేరిలోని పశువైద్య కళాశాల కూడా అటే ఉండిపోయింది. 1955లో తిరుపతిలో మన కళాశాల పెట్టారు. 2005లో అది శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి గుండెకాయ అయింది. కరువు సీమలో గొడ్లకి వైద్యులు కావాలన్నది మొదటి ఉద్దేశం. ఇప్పుడు అక్కడి ఆస్పత్రికి పొద్దున్న తొమ్మిదికి పోయి చూడండి. నేను పోయిన రోజు వరసలో మొదట పార్వో వచ్చిన ల్యాబ్రడార్ పిల్ల, దాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్న ఇంటరమ్మాయి. తర్వాత చెవి చీము పట్టిన పగ్. దాని వెనక రేణిగుంట నుంచి ఆటోలో వచ్చిన సైబీరియన్ హస్కీ, నాలుక జానెడు బయటపెట్టి. అందరికన్నా వెనక కడుపుబ్బిన మేకని భుజానేసుకుని ఒక ముసలాయన. "ఈడ కుక్కలాసుపత్రి అయిపోయినాదా నాయనా?" అని నన్నడిగాడు. కాదని చెప్పాను గానీ, ఆ పూట మాత్రం ఆయన మాటే నిజం.

హస్కీ సంగతి కోపంతోనే చెప్పాలి. మంచులో బండి లాగడానికి పుట్టిన జాతి అది, రెండు పొరల బొచ్చు. తిరుపతిలో మేలో ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. ఏసీ గదిలో పెట్టాం కదా అంటారు. కరెంటు పోయినప్పుడు? ఈ ఫ్యాషన్ల వరస నాకు బాగా తెలుసు. 1980లలో బయటి జాతులు దొరకని రోజుల్లో బొచ్చుకుక్క, అంటే అందరూ పొమెరేనియన్ అని పిలిచిన ఇండియన్ స్పిట్జ్. 2003లో హచ్ ఫోన్ల ప్రకటనలో పిల్లాడి వెనక నడిచిన పగ్ వచ్చాక ఊరూరా 'హచ్ కుక్క'. మొహం నలిగిపోయి ఊపిరాడని ఆ కుక్క మన ఎండకి ఎలా బతుకుతుందని అడిగినవాళ్ళు లేరు. 2022లో ఛార్లీ సినిమా వచ్చాక ల్యాబ్రడార్. ఈలోగా కోస్తాలో బాతుల్ని కాసే జోనంగి, పక్కనే తమిళనాడు రాజపాళయం, కర్ణాటక ముధోల్ లాంటివి మన ఎండనే తిని పెరిగిన జాతులు. వాటికి ప్రకటనల్లో వేషాలు దొరకలేదు.

చిలుకల విషయంలో చట్టం ముందే మేలుకుంది. తిరుపతి వీధుల్లో పంజరంలోంచి బయటికొచ్చి చీటీ లాగే జోస్యం చిలుకలు కనబడకుండా పోయాయి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం మన రామచిలుకని పంజరంలో పెట్టడమే నేరం. చాలామందికి ఇప్పటికీ తెలియదు. నక్షత్ర తాబేలుదీ అదే కథ. దక్షిణ ఆంధ్ర మెట్ట పొలాల్లో తిరిగే ఈ తాబేలు వీపుమీది నక్షత్రాలే దాని పాలిటి శాపం. సూట్‌కేసుల్లో సర్దుకుని విదేశీ పెంపకందార్లకి అమ్మడం అంత లాభం కాబట్టి, 2019లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించే జాబితాలో చేర్చారు. మన పొలం గట్టున ఎవరూ పట్టించుకోని జీవి ఎక్కడో ఒక గాజుపెట్టెలో ముద్దుబిడ్డ.

ముద్దుబిడ్డ అన్నాను కాబట్టి జపాన్ వైపు ఒకసారి చూసి వద్దాం. అక్కడ 2023 లెక్కల్లో ఇళ్ళల్లో ఉన్న కుక్కలు 68 లక్షలు, పిల్లులు 90 లక్షలు. పదిహేనేళ్ళ లోపు పిల్లలు 1 కోటి 43 లక్షలు. పిల్లలకన్నా పెట్స్ ఎక్కువ. టోక్యోలో 1657 అగ్నిప్రమాదం మృతుల కోసం వెలసిన ఎకోయిన్ గుళ్ళో పెంపుడు జంతువులకీ శాంతి జరిపిస్తారు. మనవాళ్ళు ఇది విని నవ్వుతారు. తిరుపతిలో కొడుకు అమెరికాలో, కూతురు బెంగళూరులో ఉన్న ఇంట్లో సాయంత్రం ఆరింటికి పొమెరేనియన్‌ని పట్టుకుని నడిచే రిటైర్డ్ మాస్టారుని చూస్తే నాకు నవ్వు రాదు. ఇల్లు ఖాళీ అయ్యాక ఆ ఖాళీలోకి కుక్క వచ్చింది. అక్కడా అంతే, ఇక్కడా అంతే. మనం కొంచెం వెనక ఉన్నాం.

వీధికుక్క మాత్రం ఈ ప్రేమలో వాటాదారు కాలేదు. సంగటి ముద్ద పోయింది, ఆ స్థానంలో బిర్యానీ సెంటర్ల చెత్త వచ్చింది. కుక్కల సంఖ్య పెరిగింది, కాపలా పని పోయింది. ఆపరేషన్ చేసి వదిలిపెట్టే నియమాలు 2001లో వచ్చాయి, 2023లో మార్చారు. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమన్న సుప్రీంకోర్టు, అదే నెలలో ఆ ఉత్తర్వుని సవరించింది. నవంబరులో బడులు, ఆస్పత్రులు, బస్టాండ్ల లాంటి చోట్ల నుంచి తొలగించమంది. వేసవి రాత్రి తొమ్మిది తర్వాత స్కూటరు మీద పోయి చూస్తే రెండు పక్షాల వాదనలూ ఒకేసారి అర్థమవుతాయి.

ఇక పుంగనూరు. నడుమెత్తు కూడా రాని ఆవు. 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు 115 నుంచి 200 కిలోలు, నేలని తాకే తోక, వెడల్పాటి నుదురు. రోజుకి అయిదు కిలోల ఎండుమేతతో సరిపెట్టుకుని మూడు నుంచి అయిదు లీటర్లు ఇస్తుంది. ఆ పాలల్లో వెన్న 8 శాతం దాకా ఉంటుందని చెప్తారు, మామూలు ఆవుపాలకి అందులో సగం కూడా ఉండదు. రాళ్ళనేలలో తేలికపాటి దుక్కికి దీని ఎద్దులు చాలు. గడ్డి లేని సీమకి ఇంతకన్నా తగిన గొడ్డుని ఎవరూ తయారుచేయలేరు. అలాంటిది ఎలా పోయింది? ఎవరూ చంపలేదు. ట్రాక్టరు దాని ఎద్దు పనిని తీసేసుకుంది. పాల కేంద్రానికి లీటర్లు కావాలి, జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరం పది లీటర్ల పైన ఇస్తుంది. రైతు లెక్క తప్పు కాదు. పిల్లల ఫీజులు ఆ పాలమీదే కట్టాడు. 2002లో చిత్తూరు సహకార డెయిరీ మూతపడ్డాక కూడా ప్రైవేటు డెయిరీలు వచ్చాయి గానీ పుంగనూరు ఆవు కొట్టంలోకి తిరిగి రాలేదు. పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో ఒక చిన్న మంద నిలబడకపోయి ఉంటే మాట్లాడుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

అదే ఆవు 2024 సంక్రాంతినాడు ప్రధాని ఇంటి లాన్‌లో మేత తింటూ దేశమంతా కనిపించింది. ఆ తర్వాత ధరలు లక్షల్లోకి పోయాయి. ఒంగోలు ఎద్దు బ్రెజిల్ పోయి నెలోర్ అనే పేరుతో మాంసపు మంద అయింది. పుంగనూరు ఆవు ఎక్కడికీ పోకుండానే హాల్లోకి వచ్చి బొమ్మ అయింది. ఇందులో నాకు భయం కలిగించేది ధర కాదు, ఎత్తు. కొనేవాళ్ళకి ఇంకా చిన్నది కావాలి. రెండడుగులకన్నా పొట్టివి కావాలని జత కట్టించుకుంటూ పోతే చివరికి మిగిలేది ఇంకొక జాతి. ఎండుగడ్డి తిని ఎండకి నిలబడి వెన్నపాలు ఇచ్చిన గుణం కోసమే పుంగనూరుని కాపాడాలి, ఒళ్ళో పట్టే సైజు కోసం కాదు. విశ్వవిద్యాలయం, ప్రభుత్వం మిషన్ పుంగనూరు పేరుతో ఐవీఎఫ్ దూడల పని మొదలుపెట్టినప్పుడు ఉద్దేశం అదే. ఆ దూడలు రైతు కొట్టానికి చేరాలి.

మా మూడో అంతస్తు దూడ పద్నాలుగు నెలలకి పరుపులో పట్టకుండా పోయింది. పైనుంచి మూత్రం వాసనని అసోసియేషన్ మీటింగులో మూడుసార్లు గొడవ జరిగింది. చివరికి పాకాల దగ్గర వాళ్ళ మామగారి మామిడితోటకి పంపించారు. వాచ్‌మనే వెంటపోయి దింపొచ్చాడు. తోటకి ఇద్దరు కాపలావాళ్ళు, మూడు ఎనుములు, ఒక టైగర్. మెడపట్టీ తీసేసి పలుపు వేశారట. మొన్న కనుమకి దానికీ ఉప్పు చెక్క పెట్టారు. వారం రోజులు ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదని ఆ అమ్మాయి లిఫ్టులో నాతో చెప్పింది.